పాలన చదువులు పంచాయతీ గడప తొక్కాలి

వేసవి సెలవులు వచ్చాయంటే పల్లెల్లో డిగ్రీ విద్యార్థులు కనబడుతున్నారు. చేతిలో అచ్చు కాగితాలు, మెడలో కాలేజీ గుర్తింపు కార్డు. ఇంట్లో ఎంతమంది, పాడి ఎంత, మరుగుదొడ్డి ఉందా లేదా, మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు అని అడుగుతారు. చెప్పింది రాసుకుంటారు. రచ్చబండ దగ్గర ఒక ఫోటో తీయించుకుంటారు. పంచాయతీ కార్యదర్శి చేత సంతకం పెట్టించి, ముద్ర వేయించుకుని సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు. ఆ కాగితాలు తర్వాత ఏమయ్యాయో ఊరికి తెలియదు. మరుసటి వేసవికి మరో జట్టు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతుంది. "ఈ లెక్కలు పోయిన ఏడాదీ చెప్పాం గదయ్యా" అని ముసలమ్మలు విసుక్కుంటే తప్పు పట్టడానికి లేదు.

ఈ రాకపోకల వెనుక ఉన్న నిర్ణయం మాత్రం మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన విద్యార్థులతో మొదలుపెట్టి, మూడేళ్ల చదువులో పది నెలలు తరగతి గది బయట పని నేర్చుకోవాలని నిబంధన పెట్టారు. మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలలు సమాజసేవ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలలు, చివరలో ఒక సెమిస్టరు నిండా పని. కామర్సు విద్యార్థికి ఆడిటరు కార్యాలయం ఉంది. కెమిస్ట్రీ విద్యార్థికి ఫ్యాక్టరీ ఉంది. మరి బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థి ఏ పనిలో చేరాలి? ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకకనే సర్వే కాగితాలు, ఫోటోలు వచ్చిపడ్డాయి.

ప్రభుత్వం నడపడం కూడా ఒక పనే. ఆటోనగర్‌లో లేతు మిషను మీద కుర్రాడు మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకుంటాడు. ముందు పనిముట్లు అందిస్తాడు, తర్వాత కొలతలు చూస్తాడు, ఆ తర్వాతే ఇనుము మీద చెయ్యి వేస్తాడు. పుస్తకం చదివి ఇంజను విప్పుతానన్నవాడి చేతికి ఏ రైతూ ట్రాక్టరు ఇవ్వడు. పాలన విషయానికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎవరికీ గుర్తు రావడం లేదు. లోక్‌సభకీ రాజ్యసభకీ తేడా పది మార్కులకు రాయగలిగిన పట్టభద్రుడు, ఊళ్లో వీధిదీపం వెలగకపోతే ఎవరికి, ఏ విధంగా అర్జీ పెట్టాలో తెలియక తెల్లమొహం వేస్తున్నాడు. పంచాయతీ తీర్మానం ఎలా రాస్తారో అతనికి ఎవరూ చూపించలేదు. "పాలిటిక్సు చదవడమేమిట్రా, అది చేసేది గదా" అని ఊళ్లో పెద్దలు ఎగతాళి చేస్తుంటారు. ఆ ఎగతాళిలో నిజం ఉంది.

పాలనను పనిగా నేర్పే పద్ధతి పల్లెలకు కొత్త కాదు. కరణీకం అలాగే నడిచింది. కరణంగారి అబ్బాయి తండ్రి పక్కన చాప మీద కూర్చుని అంకెలు దిద్దేవాడు. మీసాలు వచ్చేసరికి అడంగలు రాసేవాడు. జమాబందీకి తండ్రి వెంట తాలూకా కచేరీకి వెళ్లి, దొరల ముందు లెక్క ఎలా ఒప్పజెప్పాలో కళ్లారా చూసేవాడు. ఏ సర్వే నంబరు మెరక, ఏది పల్లం, ఏ బోదె నీరు ఎవరి చేలోకి పారుతుంది, ఎవరి శిస్తు ఎన్నేళ్లుగా బకాయి, అంతా నోటికి వచ్చేది. అంత గట్టి శిక్షణ ఈనాడు ఏ కాలేజీలోనూ లేదంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆ శిక్షణ ఒక్క ఇంటి గోడల మధ్యే ఉండిపోయింది. లెక్క తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే కావడంతో ఊరంతా అతని గుప్పిట్లో ఉండేది. పల్లం రైతు మెరక శిస్తు కట్టాడో, మెరక రైతు పల్లం శిస్తు కట్టాడో చెప్పేవాడు అతనే. కాదనగలవాడు లేడు. 1895 నాటి మద్రాసు చట్టం ఈ పదవులను వంశపారంపర్యం చేసి కూర్చోబెట్టింది. ఆ చట్టానికి మొదటి గట్టి దెబ్బ తగిలింది గుంటూరు జిల్లా కేసులోనే అన్న సంగతి ఇప్పటివారికి అంతగా తెలియదు. తెనాలి తాలూకా పేరవలిపాలెం గ్రామ మునసబు పదవి ఒకరికి ఇచ్చి, మునసబు వంశంవారు అభ్యంతరం చెప్పగా అతని నుంచి తీసివేశారు. ఆ వ్యక్తి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1960 డిసెంబరు 6న తీర్పు వచ్చింది. గ్రామ మునసబుది కూడా ప్రభుత్వ ఉద్యోగమేననీ, వంశాన్ని బట్టి ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమనీ కోర్టు తేల్చింది. ఆ తర్వాత 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది.

రద్దు చేయవలసిందే. కానీ పదవులతో పాటు ఆ పని నేర్పే బడి కూడా మూతపడింది. దాని స్థానంలో అందరి పిల్లలకూ తలుపులు తీసే బడిని ఎవరూ పెట్టలేదు. ఉద్యోగం వచ్చిన తర్వాత ఇచ్చే కొద్దిరోజుల శిక్షణ ఉద్యోగికే గాని పౌరుడికి కాదు.

రద్దు చేసిన రామారావుగారు బి.ఏ. పూర్తి చేసింది గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. పట్టా పుచ్చుకున్నాక 1947లో ప్రత్తిపాడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, కొద్ది వారాలకే వదిలేసి సినిమాలకు వెళ్లారు. ముఖ్యమంత్రి కాకముందు సర్కారు కచేరీలో ఆయన చేసిన అప్రెంటిస్ అంతే!

చదువు చెప్పే సంస్థే ఈ బడి తెరిస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో ఒక క్రైస్తవ కళాశాల ఆ పని చేసి చూపించింది. అందులో నేర్చుకోవలసిందీ ఉంది, భయపడవలసిందీ ఉంది.

వర్జీనియా రాష్ట్రంలో పర్సెల్‌విల్ అనే చిన్న పట్టణం ఉంది. రాజధాని వాషింగ్టన్‌కు సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ 2000 సంవత్సరంలో పాట్రిక్ హెన్రీ కళాశాల మొదలైంది. అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి గొప్ప వక్త, వర్జీనియా తొలి గవర్నరు పేరు దానికి పెట్టారు. స్థాపించినాయన మైకేల్ ఫారిస్ అనే వకీలు. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉండాలని అంతకు ముందు చాలాకాలం కోర్టుల్లో వాదించినవాడు. తొలి రోజుల్లో కాలేజీలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది అలా ఇంట్లో చదువుకున్నవారే. కేంద్ర ప్రభుత్వం సొమ్ము ఒక్క డాలరు కూడా పుచ్చుకోరాదని ఆ కాలేజీ నియమం. ఫీజులతో, దాతల విరాళాలతోనే నడుస్తుంది.

అక్కడ ప్రధానమైన చదువు ప్రభుత్వ పాలన. మొదట చరిత్ర, తర్కం, తత్వం, రాజ్యాంగం గట్టిగా చదివిస్తారు. దాన్ని అంటిపెట్టుకునే పనిలో శిక్షణ ఉంటుంది. శాసనసభ్యుల కార్యాలయాల్లో, ప్రభుత్వ శాఖల్లో, ఎన్నికల ప్రచారాల్లో విద్యార్థులు నిజమైన పని చేస్తారు. ఉత్తరాలకు జవాబులు రాయడం, బిల్లు చదివి సారాంశం తయారుచేయడం, ఒక సమస్య మీద సమాచారం పోగుచేసి ఇవ్వడం లాంటివి. న్యాయస్థానంలో వాదించినట్టే వాదించే పోటీలకు కూడా తర్ఫీదు ఇస్తారు. ఆ పోటీల్లో ఈ చిన్న కాలేజీ అమెరికాలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలను ఓడించి పలుమార్లు జాతీయ విజేతగా నిలిచింది.

ఫలితం కూడా తొందరగానే కనబడింది. 2004లో అధ్యక్ష భవనమైన శ్వేతసౌధంలో శిక్షణ పొందుతున్న సుమారు వంద మంది విద్యార్థుల్లో ఏడుగురు ఈ కాలేజీవారేనని అప్పటి పత్రికలు రాశాయి. అప్పటికి కాలేజీ మొత్తంలో ఉన్నది రెండువందల చిల్లర విద్యార్థులు. పుట్టి నాలుగేళ్లయిన కాలేజీ! హార్వర్డు లాంటి మహా విద్యాలయాలవారు కూడా ముక్కున వేలేసుకున్నారు. ఇందులో మాయ ఏమీ లేదు. మిగతా కాలేజీలు పాలన గురించి చెబుతుంటే, ఇక్కడ పాలన పని చేయించారు. పని చేయించుకునేవాడికి పని తెలిసినవాడే కావాలి గదా.

ఇది ఒక ముఖం. రెండో ముఖం కూడా చూడాలి. ఆ కాలేజీలో చేరాలంటే విద్యార్థి ఒక విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి. అధ్యాపకులకూ మత విశ్వాసం నిబంధనే. పని నేర్చుకోవడానికి పిల్లలు వెళ్లిన కార్యాలయాలు ఎక్కువగా ఒకే రాజకీయ పక్షానివి. 2006లో పదహారు మంది దాకా ఉన్న పూర్తికాలపు అధ్యాపకుల్లో ఐదుగురు కాలేజీ వదిలి వెళ్లిపోయారు. బోధించే స్వేచ్ఛ, యాజమాన్యం గీసిన గీత, ఈ రెంటి మధ్యే ఆ తగువు. క్రైస్తవేతరుడైన పాత తత్వవేత్తలో మంచి ఎంతవరకు ఒప్పుకోవచ్చు అనే దాకా వెళ్లింది. ప్రైవేటు సొమ్ముతో నడిచే సంస్థ తన విశ్వాసం ప్రకారం నడుచుకునే హక్కు ఆ దేశంలో ఉంది, దాన్ని కాదనడానికి లేదు. కానీ పాలన నేర్పే బడి ఒక గుంపుకు మాత్రమే తలుపు తెరిస్తే ఏమవుతుందో గుంటూరు జిల్లా పల్లెలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కరణంగారి చాప ఒక వంశానిది. పర్సెల్‌విల్ బల్ల ఒక విశ్వాసానిది. రెంటిలోనూ శిక్షణ గట్టిదే, తలుపే ఇరుకు.

ఇక్కడి క్రైస్తవ కళాశాలల సంగతి వేరు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ ఫాదర్ హయ్యరు తర్వాత ఆ మిషన్‌వారే 1885లో కాలేజీ పెట్టారు. అదే నేటి ఏ.సి. కాలేజీ. కృష్ణ దాటితే బెజవాడలో జెసూట్ ఫాదర్లు 1953లో పెట్టిన ఆంధ్ర లయోలా, 1962లో వచ్చిన ఆడపిల్లల మేరీస్ స్టెల్లా ఉన్నాయి. జిల్లాలో ఎన్ని ఊళ్ల నుంచి, ఎన్ని కులాల నుంచి పిల్లలు ఈ కాలేజీలకు వెళ్లి చదువుకున్నారో లెక్కలేదు. బైబిలు చేతపట్టని ఇళ్ల పిల్లలే ఎక్కువ. ప్రభుత్వ సహాయం పుచ్చుకునే విద్యాసంస్థ మతం వల్ల, కులం వల్ల ఎవరినీ చేర్చుకోకుండా పొమ్మనడానికి వీల్లేదని రాజ్యాంగం 29వ అధికరణం కూడా చెబుతోంది. అంటే పర్సెల్‌విల్‌లో లేనిది ఇక్కడ మొదటి నుంచీ ఉంది. తలుపు వెడల్పుగానే ఉంది. లోపల పని బల్ల లేదు, అదే లోటు.

మిషన్ కాలేజీలను ప్రత్యేకంగా ఎత్తిచూపడానికి మరో కారణం ఉంది. ఊళ్లోకి వెళ్లి పని చేయడం వాటి పుట్టుకలోనే ఉంది. బడి, ఆసుపత్రి, హాస్టలు, ఇవన్నీ ఆ మిషన్లవారు పల్లెల్లో తిరిగి కట్టినవే. పట్నంలో గేటు వేసుకుని పరీక్షలకు చదివించడం తర్వాతి కాలంలో అన్ని కాలేజీలకూ వచ్చిన అలవాటు. ఒక మిషన్ కాలేజీ ముందుకు వచ్చి పంచాయతీల్లో పాలన శిక్షణ మొదలుపెడితే ప్రభుత్వ కాలేజీలు, మిగతా ప్రైవేటు కాలేజీలు చూసి నేర్చుకుంటాయి. ఇది మత ప్రచారానికి దారి అని ఎవరైనా అంటారేమో. ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో మతం గడి లేదు.

పర్సెల్‌విల్ పిల్లలకు పక్కనే వాషింగ్టన్ ఉంది కాబట్టి అధ్యక్ష భవనానికి వెళ్లారు. ఇక్కడి పిల్లలను ఢిల్లీకి పంపాలని కలలు కనడం అనవసరం. సచివాలయానికి పంపితే టీలు మోయించి పంపిస్తారు. పైగా అక్కడ ఒక ఫైలు కదలడం మొదలై ముగిసేదాకా చూడాలంటే ఆరు నెలలు చాలవు. పంచాయతీలో అయితే ఒక పని పుట్టుక నుంచి చావు దాకా కళ్లముందే జరుగుతుంది. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పటి నుంచీ ఇది ప్రజాస్వామ్యానికి పాఠశాల అని ఉపన్యాసాల్లో వింటూనే ఉన్నారు. పాఠశాల అన్నాక విద్యార్థులు ఉండొద్దా?

ఆరు నెలలు పంచాయతీలో ఉంటే ఏం నేర్చుకోవచ్చో చూద్దాం. ఊళ్లో ఒక వీధిలో మురుగుకాలువ కట్టాలి. ముందు గ్రామసభలో ఎవరో లేచి అడగాలి. ఆ మాట ప్రణాళికలో ఎక్కాలి. పాలకవర్గం సమావేశంలో తీర్మానం కావాలి. తీర్మానాల పుస్తకంలో ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏ నిధి నుంచి ఎంత అన్నది రాసి సంతకాలు చేయాలి. ఇంజనీరు వచ్చి అంచనా వేయాలి. పని జరిగాక కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, లోతు ఎక్కాలి. బిల్లు, ఓచరు, డిజిటల్ సంతకం, ఆ తర్వాత సొమ్ము. ఏడాది తిరిగాక స్థానిక నిధుల ఆడిటు వచ్చి ఈ కాగితాలన్నీ తిరగేసి అభ్యంతరం రాస్తుంది. ఈ గొలుసులో ఒక లింకు తెగితే కాలువ ఆగుతుంది, లేదా కాలువ లేకుండానే బిల్లు అవుతుంది. ఈ ఒక్క కాలువ వెంట నడిచిన విద్యార్థికి చట్టసభ అంటే ఏమిటి, కార్యనిర్వాహక శాఖ అంటే ఏమిటి, జవాబుదారీ అంటే ఏమిటి అని మళ్లీ పాఠం చెప్పనవసరం లేదు.

మరొకటి నిధుల సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో అరవై శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని షరతు ఉంది. మిగతా నలభై శాతం ఊరి అవసరాన్ని బట్టి. ఊళ్లో రోడ్డు కావాలని జనం అడుగుతుంటే సర్పంచి "నిధుల్లేవు" అంటాడు. ఖాతాలో సొమ్ము కనబడుతుంది. జనం తిట్టుకుంటారు. ఆ సొమ్ము రోడ్డుకు వాడకూడనిదని ఎవరూ వివరించరు. ఒక్కోసారి సర్పంచికే తెలియదు. బ్లాకుబోర్డు మీద రెండు గడులు గీసి, ఇది నీళ్ల సొమ్ము, ఇది ఊరి సొమ్ము అని రాసిపెట్టే కుర్రాడు పంచాయతీలో ఉంటే సగం తగాదాలు తీరతాయి.

ఊరి పిల్లలకు ఇంత పని చేతనవుతుందా అని అనుమానించేవారు ఉపాధి హామీ సామాజిక తనిఖీలను గుర్తు తెచ్చుకోవాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఆ తర్వాత కూలీల ఇళ్లలో చదువుకున్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు కొద్దిరోజులు తర్ఫీదు ఇచ్చి తనిఖీకి పంపారు. వాళ్లు మస్టరు రోల్సు చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీ పేరు మీద ఇన్ని రోజులు పని రాశారు, నువ్వు చేశావా, సొమ్ము చేతికి వచ్చిందా అని అడిగారు. చనిపోయినవారి పేర, ఊళ్లో లేనివారి పేర రాసిన హాజరు బయటపడింది. మండల కేంద్రంలో బహిరంగ సభ పెట్టి అధికారుల ఎదుటే చదివి వినిపించారు. దేశంలో మిగతా రాష్ట్రాలవారు వచ్చి ఈ పద్ధతిని చూసి వెళ్లారు. వాళ్లలో అధికశాతం పెద్ద చదువులు చదివినవారు కాదు. నాలుగు రోజుల తర్ఫీదుతో వాళ్లు చేసిన పని, మూడేళ్లు పాలన శాస్త్రం చదివినవాడు చేయలేడనడం అవమానకరం.

కార్యదర్శులకు ఇది అదనపు బరువు అనే మాట నిజమే. ఒక్కో కార్యదర్శి తలకు మించిన పనులతో సతమతమవుతున్నారు. కొన్నిచోట్ల రెండు పంచాయతీలు ఒకరే చూస్తున్నారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక సిబ్బంది పెరిగిన మాట వాస్తవమే అయినా రోజుకో యాప్, పూటకో నివేదిక. కానీ నేర్చుకునేవాడు ఎప్పుడూ బరువు కాడు, మొదటి నెల తప్ప. రెండో నెల నుంచి రిజిస్టరు రాసేది అతనే. మేస్త్రీలందరూ ఇది అనుభవం మీద చెబుతారు.

అసలు అభ్యంతరం ఎక్కడిదంటే, పైకి చెప్పనిది ఒకటుంది. లెక్కలు చూసే కన్ను ఒకటి కార్యాలయంలో కూర్చుంటే కొందరికి ఇబ్బంది. కాగితాల మీద ముద్ర వేసి పంపేస్తే ఎవరికీ బాధ లేదు. కాలేజీకి మార్కులు, విద్యార్థికి సర్టిఫికెట్, పంచాయతీకి ప్రశాంతత. చేయని పనికి చేసినట్టు సర్టిఫికెట్ తీసుకున్నవాడు ఏ పాఠం నేర్చుకున్నట్టు? రేపు కట్టని కాలువకు బిల్లు రాయడం ఎలాగో కదా! పాలన గురించి అతనికి అందిన మొదటి ప్రాక్టికల్ పాఠం అదే అవుతోంది. ఇది మిక్కిలి శోచనీయం.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. విద్యార్థిని సొంత ఊరి పంచాయతీలో వేయకూడదు. అక్కడ చుట్టరికాలు, పార్టీలు, పాత తగువులు ఉంటాయి. అలాగని యాభై కిలోమీటర్ల అవతల వేస్తే బస్సు చార్జీలకే కూలి ఇల్లు గుల్లవుతుంది. పక్క మండలంలో వేస్తే సరిపోతుంది. ఆడపిల్లలను ఒంటరిగా కాక ఇద్దరిద్దరిని పంపాలి. ఎన్నికల కాలంలో ఏ పార్టీ జెండా మోసినా ఆ నెల మార్కులు పోతాయని ముందే చెప్పాలి. పర్సెల్‌విల్ చేసిన పొరపాటు ఇక్కడ జరగకూడదు. ఒక పక్షం సర్పంచి దగ్గర మూడు నెలలు పనిచేసినవాడు, మరో పక్షం సర్పంచి ఉన్న ఊళ్లో మూడు నెలలు చేయాలి. అప్పుడు జెండా రంగు మారినా తీర్మానాల పుస్తకం ఒకటేనని అతనికే అర్థమవుతుంది.

ఊరివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. సర్వే కాగితాలతో వచ్చిన పిల్లలను కసురుకుని పంపడం గాని, మర్యాదకు మజ్జిగ ఇచ్చి పంపడం గాని చాలదు. "మీ కాగితం సరేనమ్మా, మా వీధి కుళాయి ఫీజు ఎంత వసూలయింది, ఎంత ఖర్చయింది, చూసి చెప్పి వెళ్లండి" అని అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ లెక్క అడిగే హక్కు రైతుకూ, కూలీకీ, విద్యార్థికీ సమానంగానే ఉంది. దరఖాస్తు రాయడం రానివారి తరఫున ఆ పిల్లలే రాస్తారు. అదీ వాళ్లకు పాఠమే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు ఒక్కో పంచాయతీలో ఒక్కో బి.ఏ. విద్యార్థి కూర్చుని సభలో ఎవరేమి అడిగారో రాసి పెట్టుకుని, ఏడాది తర్వాత అందులో ఎన్ని జరిగాయో తిరిగి చదివి ఉంటే రాష్ట్రం మొత్తానికి ఎంత పెద్ద లెక్క చేతికి వచ్చేదో ఊహించుకోవచ్చు. ఆ అవకాశం పోయింది. గ్రామసభలు ఏటా ఉంటాయి.

కాలేజీ ప్రిన్సిపాళ్లు, జిల్లా పంచాయతీ అధికారి కూర్చుని తేల్చుకోవలసినవి పెద్ద విషయాలేమీ కావు. ఏ కాలేజీకి ఏ మండలం, ఒక్కో పంచాయతీకి ఎందరు, ఏ రిజిస్టర్లు చూపాలి అన్నదే. మార్కులు మాత్రం కాలేజీలో టైపు చేయించిన రిపోర్టుకు వేయకూడదు. ఆరు నెలల ఆఖరున విద్యార్థి గ్రామసభలో నిలబడి, తను చూసిన లెక్క ఊరికి చదివి వినిపించాలి. ఊరివాళ్లు ప్రశ్నలు అడుగుతారు. జవాబు చెప్పగలిగితే మార్కులు, లేకుంటే లేదు. మార్కులు వేసే లెక్చరరుగారు ఆ రోజు ఊరికి వచ్చి జనంలో కూర్చోవాలి. వారి బస్సు ఖర్చు కాలేజీయే భరించాలి.